కీలునీటి వెనుక నా కరపత్రం

కోదాడ సంతలో నేను గెలిచిన రోజుతో మొదలుపెడతాను. ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లలకూ, సభల్లో కొత్తగా మైకు అందుకునే పిల్లలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మీ ఇద్దరికీ ఒకే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. నాకు వచ్చింది. నయమైంది కూడా. ఎలా నయమైందో చెప్పకుండా రిటైర్మెంటు దండలు వేయించుకొని కూర్చోవడం నాకు చేతకాలేదు.

ఎనభైల చివరి సంవత్సరాలు. సూర్యాపేటలో దాతల చందాలతో నడిచే ఒక చిన్న దవాఖానలో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. పగలంతా రక్తం, మూత్రం, కళ్లె. సాయంత్రాలూ ఆదివారాలూ హేతువాద సభలు. మా జిల్లా బావుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి ఈ రోజు బడిపిల్లలకు తెలుసు. అప్పుడు పెద్దలకే తెలియదు. పళ్లు గారపట్టి, నడుము వంగి, ముప్పై ఏళ్ల మనిషి మంచం పట్టుకొని లేస్తుంటే ఊరి మీద అమ్మవారికి కోపం వచ్చిందనేవారు. మేకలు తెగేవి, నొప్పులు తగ్గేవి కావు. మేము సీసాలు పట్టుకొని ఊరూరూ తిరిగాం, నీళ్లు పరీక్షకు పంపాం, చెడ్డ బోర్లకు ఎర్రరంగు పూశాం. పూసినందుకు రెండు ఊళ్లలో తన్నులు కూడా తిన్నాం. అప్పుడే నేనొక కరపత్రం రాశాను. పైన నల్లటి పెద్ద అక్షరాల్లో ఒకటే మాట: 'నొప్పి దేవుడిది కాదు, నీటిది.' ఆ మాటకు నేను ఈ రోజుకీ సిగ్గుపడను. దాన్ని ఎక్కడ పడితే అక్కడ అంటించినందుకు మాత్రం సిగ్గుపడతాను.

కోదాడ సంతకు వారం వారం ఒక పొడి మనిషి వచ్చేవాడు. జీపు మీద మైకు, జీపు వెనక పొట్లాల గంప. అమ్మవారు కలలో చూపించిన వేళ్లతో నూరిన పొడి అనేవాడు. కీళ్లనొప్పుల వాళ్లు వేసుకుంటే రెండో రోజుకే లేచి తిరిగేవారు. వాళ్లు మరో పదిమందిని పట్టుకొచ్చేవారు. మేము అతన్ని బహిరంగ చర్చకు పిలిచాం. వచ్చాడు, ధైర్యం గలవాడే. నేను ఒకటే ప్రశ్న అడిగాను. అమ్మవారి పొడికి హాని ఉండదు కదా, అయితే పది పొట్లాలు ఇప్పుడే, ఇందరి ముందు మింగు. అతను ఉపవాసం అన్నాడు, నియమం అన్నాడు, చివరికి నీళ్లు నమిలాడు. సంత మొత్తం నవ్వింది. మావాళ్లు నన్ను భుజాలకెత్తుకున్నారు. మరుసటి వారం జీపు రాలేదు. తర్వాత ఎన్నడూ రాలేదు.

ఆ రోజు ఆ పొట్లంలో ఏముందో నేను అడగలేదు. అది మోసం అని తేల్చడంతో నా పని ఖతం అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మా ల్యాబు గుమ్మంలో ఒక తండా మనిషి నిలబడింది. ముప్పై దాటి ఉండదు. ముఖం ఉబ్బి గుండ్రంగా ఉంది, ఒళ్లు మాత్రం ఎండిన కట్టె. మణికట్టు నుంచి మోచేయి దాటేవరకు తెల్ల గాజులు. మా ల్యాబులో సీసాలు కడిగే ఆయమ్మ నా చెవిలో మెల్లగా అంది.

"సారూ, ఆమె బస్సు టికెట్టు ఏళ్లతోని పట్టుకోలె. రెండు అరచేతుల నడుమ పెట్టుకొని తెచ్చింది."

నేను సరిగ్గా వినలేదు. ఎందుకంటే ఆ వచ్చిన మనిషి నన్ను ఒక మాట అడిగింది, ఆ మాటకు నాకు ఛాతీ పొంగింది.

"నువ్వేనా సారు, కోదాడ సంతల పొడాయనను ఎల్లగొట్టింది?"

"నేనే చెల్లె."

"అయితె నా చేతులు నువ్వే సూడాలె. గాయన పొడి ఉన్నన్నాళ్లు లేచి పని జేసుకున్న. గాయన పోయినంక రెండు చేతులు లేస్తలెవ్వు."

మెప్పు కాదు, అభియోగం. నాకది అప్పుడు అర్థం కాలేదు. మత్తుమందు దొరకని మనిషి గొణుగుడు అనుకున్నాను. ఏ ఊరని అడిగాను. నిడమనూరు దిక్కు తండా అంది. అంతే, నాకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ దిక్కు బోర్లకు నా చేతులతోనే ఎర్రరంగు పూశాను. కరపత్రం తీసి ఆమె అరచేతుల మధ్య పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా మర్యాదగా పట్టుకుంది.

మా దవాఖానకు ఆ ఏడే ఒక డాక్టరమ్మ వచ్చింది. కోదాడ పక్క ఊరు, రోజూ బస్సులో వచ్చి పోయేది. నుదుట రూపాయంత కుంకుమ, శుక్రవారం ఉపవాసం, గదిలో దేవుడి క్యాలెండరు. ఆ క్యాలెండరు గురించి ఆమెతో నాకు మూడు యుద్ధాలు జరిగాయి, మూడూ నేనే గెలిచానని నా లెక్క. ఆమె లెక్కలో యుద్ధాలే జరగలేదు. టీ తాగుతూ నవ్వేసి వెళ్లిపోయేది.

డాక్టరమ్మ మణికట్టు చూడాలి, గాజులు తీయమంది. ఆ మనిషి తీయనంది. భర్త బతికుండగా గాజులు దింపడం తండాలో ఒప్పుకోరు. అక్కడే ఉన్న నాకు ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? గాజులు సంకెళ్లెలా అవుతాయో, స్త్రీ ఒంటి మీద మగవాడి ముద్ర ఎలా పడుతుందో పది నిమిషాలు చెప్పాను. బాగా చెప్పాననే నా నమ్మకం. ఆమె ఓపికగా విని డాక్టరమ్మ వైపు తిరిగింది.

"సారు మాట అయిపోయినట్టుంది. మోకాలు సూడమ్మా. మోకాలికి గాజులు లెవ్వు."

డాక్టరమ్మ పెదవి కొరుక్కొని నవ్వు ఆపుకుంటూ మోకాలి మీద చేయి పెట్టింది. నవ్వు పోయింది.

"ఇది కాలుతోందండీ హేతువాది గారూ. నీళ్లు పట్టింది. ఫ్లోరైడ్ మోకాలు ఇలా కాలదు."

నేను ఒప్పుకోలేదు. రెండు మూడు వారాలు మా మధ్య ఇదే తగువు. ఎక్స్‌రేలో ఏదీ గట్టిగా తేలలేదు. హైదరాబాదు పంపిన రక్తపరీక్షలో కీళ్లవాతం లేదని వచ్చింది. కొందరిలో మొదట్లో అలాగే వస్తుందని డాక్టరమ్మ. లేనిదాన్ని ఉందనడమే మీకు అలవాటు అని నేను, ఆమె క్యాలెండరు వైపు చూస్తూ. ఆమె అనుమానం రుమటాయిడ్ కీళ్లవాతం. అదే అయితే ఆలస్యమైన ప్రతి నెలా కీలును తినేస్తుందని, వేళ్లు ఒకసారి వంకర తిరిగితే ఏ మందూ తిన్నగా చేయలేదని ఆమె భయం. హైదరాబాదు పెద్ద దవాఖానలో ఉన్న తన గురువుకు ఉత్తరం రాసింది. వారానికి ఒక్కసారి వేసుకునే బలమైన మాత్ర ఆయన దగ్గర ఉంది. అప్పటికి మా వైపు దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఆయన జవాబు రెండు వాక్యాలు: కీలునీటిలో తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో చెప్పు. అది తేలకుండా ఈ మందు మొదలుపెట్టను.

ఇది మీకు తెలియాలి. మామూలు కీలులో నీరు చెంచాకు కూడా రాదు, అందులో తెల్లకణాలు ఏ మూలో కొన్ని ఉంటాయి. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుంది, కీలులోకి సైన్యాన్ని దింపదు. రుమటాయిడ్ అలా కాదు. క్రిములతో పోరాడాల్సిన తెల్లకణాలు గుంపులుగా కీలులోకి దిగి, సొంత పొరనే శత్రువనుకొని కాలుస్తాయి. అంటే ఆ నీటిలో కణాలు లెక్కపెడితే తగువు తీరిపోతుంది. లెక్కపెట్టేది నేను. ఒక మనిషి రెండు చేతులు నా లెక్క మీద ఆధారపడి ఉన్నాయి.

డాక్టరమ్మ మోకాలి నుంచి సూదితో నీరు తీసి గాజుగొట్టంలో నా చేతికిచ్చి, ఇంట్లో పనుందని రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. నేను ఎన్నో ఏళ్లుగా చేస్తున్నట్టే చేశాను. రక్తంలో తెల్లకణాలు లెక్కపెట్టడానికి కలిపే ద్రవం ఒకటి ఉంటుంది. ఎర్రకణాలను కరిగించి తెల్లవాటిని మిగులుస్తుంది. అదే కలిపాను. గొట్టంలో ఏదో జిగురుగా అడ్డుపడింది. కీలునీరు కదా, జిగురే ఉంటుందిలే అనుకున్నాను. కణాలు లెక్కపెట్టే గళ్ల గాజుపలక మీద వేసి చూశాను. గళ్లన్నీ దాదాపు ఖాళీ. అక్కడొకటి, ఇక్కడొకటి.

పిల్లలూ, నిజం చెప్పాలి. ఆ ఖాళీ గళ్లు చూసి నాకు ఆనందం కలిగింది. మైక్రోస్కోపు కూడా మా సంఘంలో చేరిందనిపించింది. రిపోర్టు మీద 'కణాలు స్వల్పం' అని రాసి, డాక్టరమ్మ వచ్చేదాకా ఆగకుండా వరండాలో కూర్చున్న ఆ మనిషికి నేనే చెప్పేశాను. నీది నీళ్ల నొప్పే చెల్లె, ఆ బోరునీళ్లు మానేసి మంచినీళ్లు తాగు అన్నాను.

"మంచినీళ్లంటె ఏ నీళ్లు సారు?"

"సాగర్ కాలువ నీళ్లు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు. అరచేతులతో మోకాళ్లు నొక్కుకుంటూ లేచి, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయింది.

మూడో రోజు డాక్టరమ్మ వచ్చింది. రిపోర్టు చూసింది. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను, కోదాడ సంతలో నిలబడ్డట్టే. ఆమె వాదించలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన కీలునీటి గొట్టం తెమ్మంది. కిటికీ వెలుగులో పట్టుకొని, ఏదైనా అచ్చుకాగితం ఇవ్వమంది. మంచి కీలునీరు అద్దంలా ఉంటుందట, దాని వెనక అక్షరాలు పెడితే చదవొచ్చట. తన చదువు రోజుల్లో గురువు పేపరు ముక్క పెట్టి చూపించేవాడట. నా బల్ల మీద అచ్చుకాగితానికి కొదవా? కరపత్రం ఇచ్చాను. ఆమె దాన్ని గొట్టం వెనక పెట్టి నా వైపు జరిపింది.

"చదవండి."

చూశాను. ఊళ్లో గోడల మీద ఇరవై అడుగుల దూరం నుంచి కనబడే నా అక్షరాలు. బియ్యం కడిగిన నీళ్లలాంటి ఆ గొట్టం వెనక ఒక్క అక్షరం కనబడలేదు. నా నినాదం నాకే కనబడలేదు.

"ఇంత మడ్డిగా ఉన్న నీటిలో కణాలు లేకుండా ఎలా ఉంటాయండీ? మీరు దీంట్లో ఏం కలిపారు?"

"ఎప్పుడూ కలిపేదే."

"అందులో ఏముంటుంది?"

"ఆసిడ్. వెనిగర్‌లో ఉండేదే."

"ఒక చుక్క ఇందులో వేయండి."

వేశాను. నిమ్మకాయ పిండిన పాలలా ఆ నీరు నా కళ్ల ముందే విరిగిపోయింది. తెల్లటి తెట్టెలు కట్టి గొట్టం అడుగుకు దిగింది. కణాలన్నీ ఆ తెట్టెల్లో చిక్కుకుపోయి ఉన్నాయి. గాజుపలక మీదికి నేను వేసింది ఉత్త తేట. రక్తానికి పనికొచ్చే ద్రవం కీలునీటికి పనికిరాదు, దానికి సెలైన్ కలపాలి. ఏ పుస్తకంలోనైనా ఉండే మాటే. ఎవరైనా కీలునీరు తెచ్చివ్వడం మా ల్యాబులో అరుదు, నేను పుస్తకం తెరవలేదు. తెరవాలని అనిపించలేదు కూడా, ఎందుకంటే జవాబు నాకు నచ్చింది. ఇదే ఆ జబ్బు.

ఆయమ్మ సీసాలు కడగడం ఆపి మమ్మల్నే చూస్తోంది. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది, మెల్లగానే.

"ఆ కోదాడ పొట్లంలో ఏముందో పరీక్ష చేయించారా?"

"మోసం ఉందని తేల్చాం కదా మేడం."

"మోసం సరేనండీ. మందేముంది? గట్టిపడ్డ ఎముక రెండు రోజుల్లో పొడికి మెత్తబడదు కదా. లోపల ఏదో కాలుతోంది, పొడి దాన్ని ఆర్పింది. స్టెరాయిడ్ అయి ఉంటుంది. అది ఆ తెల్లకణాలనే నిద్రపుచ్చుతుంది. ముఖం ఉబ్బింది అందుకే. ఉన్నట్టుండి ఆపేస్తే రెట్టింపై లేస్తుంది."

జీపు వెళ్లిపోయిన రోజు నుంచి కోదాడ చుట్టుపక్కల ఎందరు అలా లేవలేక పడి ఉన్నారో! నేను భుజాల మీద ఊరేగుతున్నప్పుడు వాళ్లు మంచాల మీద ఉన్నారు. పొడి మనిషి దొంగే, అందులో నాకు ఈ రోజుకీ సందేహం లేదు. కానీ దొంగను తరిమినవాడు ఇంట్లోవాళ్లు బతికున్నారా లేదా చూడకుండా వెళ్లిపోతే వాణ్ని ఏమనాలి?

గొట్టంలోని నీరు మూడు రోజుల పాతది, లెక్కకు పనికిరాదు. మళ్లీ తాజాగా తీయాలి. మనిషేమో వెళ్లిపోయింది. ఎక్కడ వెతకాలి? తండాకు పోదామన్నాను. ఆయమ్మ సబ్బు చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తండాల ఏడుంటది సారు? మూడేండ్ల సంది మిర్యాలగూడల బియ్యం మిల్లు కాడ ఉంటున్నరు, మొగుడు పెండ్లాలిద్దరు. గాడ సాగర్ నీళ్లే తాగుతరట. ఆడికి వొయ్యినంకనే నొప్పులు షురువైనయట. వరండల కూసొని నాతోని అన్నీ చెప్పింది. మీరు అడగలెనా?"

అడగలేదు. మూడేళ్లుగా సాగర్ నీళ్లు తాగుతున్న మనిషికి సాగర్ నీళ్లు తాగమని సలహా ఇచ్చాను. ఆమె ఎందుకు నవ్విందో అప్పుడు తెలిసింది.

ఆదివారం మొదటి బస్సుకు మిర్యాలగూడ బయలుదేరాం. ఎండాకాలం, తీసిన నీరు సూర్యాపేట దాకా తెస్తే కణాలు చితికిపోతాయని మైక్రోస్కోపునే తీసుకెళ్లాను. దుప్పటిలో చుట్టి పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు. ఒళ్లో ఉన్నది లగేజీ ఎట్లయితదని నేను వాదించాను. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి, కనీసం ఈ చర్చలో ఓడిపోండి, త్వరగా తేలిపోతుంది అంది. ఓడిపోయాను.

మిల్లు ఆవరణలో అడుగుపెట్టేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఉడకబెట్టిన వడ్లు అప్పుడే కళ్లంలో కుమ్మరించారు, పొగలు కక్కుతున్నాయి. ఆడవాళ్లు చెక్కపారలతో తిరగేస్తున్నారు. ఆమె ఒక్కతే ఓ కుప్ప పక్కన గొంతుక్కూర్చొని ఉంది. రెండు చేతులు మోచేతుల దాకా వేడి వడ్లలో పాతిపెట్టి ఉన్నాయి. కళ్లు మూసుకొని ఉంది.

నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చేతులు బయటికి తీసింది. వేళ్లు గద్దగోళ్లలా ముడుచుకొని ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. మణికట్లు నిమ్మకాయల్లా ఉబ్బాయి. గాజులు లేవు. వాపుకు గాజు మాంసంలోకి దిగుతుంటే మొన్ననే మిల్లు ఫిట్టరు ఆకురాయితో కోసి తీశాడట. అత్త ఆ రోజు నుంచి మాట్లాడటం లేదట, మొగుడు బతికుండంగ ముండమోపి చేతులు చేసుకున్నదని.

"నిద్ర లేచినంక ఇంత సేపు గిట్ల పెడితెనే ఏళ్లు ఇచ్చుకుంటయ్ సారు. అందుకే కళ్లం పని అడిగి తీస్కున్న. మీ దవాఖానకు బస్సు అచ్చేటాల్లకు పగటీలి అయితది, గప్పటికి కొంచెం సాగుతయ్. పొద్దుగాల నా చేతులు సూసినోళ్లు ఎవ్వరు లేరు."

పన్నెండింటికి వచ్చిన చేతులనే మేము చూశాం. ఈ జబ్బు తెల్లవారుజామున మనిషిని కట్టిపడేసి, ఓపీ టైముకు కొంచెం వదులుతుంది. నేను ఆమె ఎదుట గచ్చు మీద కూర్చున్నాను.

"చెల్లె, నేను తప్పు చెప్పిన. నీది నీళ్ల నొప్పి కాదనుకుంటున్న. మళ్లొకసారి పరీక్ష చెయ్యనిస్తవా?"

ఆమె చేతులకు అంటిన వడ్లు చీరకు రాసి దులుపుకుంది.

"ఈసారి మొదలు అడుగుతున్నవ్. గట్లయితె అస్త."

డాక్టరమ్మతో చదువుకున్న ఒకాయన క్లినిక్కు ఆ పక్క వీధిలోనే ఉంది. ఆదివారం కనుక ఖాళీ. డాక్టరమ్మ మోకాలి నుంచి నీరు తీసింది. నేను సెలైన్ కలిపాను. గాజుపలక మీద వేసి, అవి అడుగుకు దిగేదాకా రెండు నిమిషాలు ఆగి, కన్ను పెట్టాను.

ఇందాక చూసిన మిల్లు కళ్లమే మళ్లీ కనిపించింది. గళ్ల మధ్య గీతలు కనబడనంతగా, ఆరబోసిన వడ్లలా తెల్లకణాలు. లెక్కపెట్టడానికి నీటిని మళ్లీ పలచన చేయాల్సి వచ్చింది. ఇంకో చుక్కకు రంగు వేసి క్రిముల కోసం పలక మొత్తం వెతికాను. ఒక్క క్రిమి లేదు. ఇంత సైన్యం దిగింది, శత్రువు మాత్రం ఎక్కడా లేడు. నా ఉద్యోగంలో అంత అందమైన, అంత భయంకరమైన దృశ్యం ఇంకోటి చూడలేదు. డాక్టరమ్మను పిలిచాను. ఆమె చూసి నా భుజం మీద ఒక్క చరుపు చరిచింది.

ఆ తండా మనిషిని కూడా చూడమన్నాను. మైక్రోస్కోపు దగ్గర ఒంగి ఒక కన్ను మూసుకోవడం రాక ఆయాసపడి, చివరికి చూసింది.

"గివన్ని నావేనా?"

"నీవే చెల్లె."

"నావైతె నన్నెందుకు కొరుకుతున్నయ్?"

డాక్టరమ్మ పక్కన కూర్చొని చెప్పింది. ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదంది. ఈ నీళ్లలో కనబడేవి ఊరికే కాలబెట్టే గుంపు, వీటిని ఉసిగొల్పేవి వేరే ఉంటాయి, కీలు పొరలో కూర్చొని ఇది పరాయిది, కొట్టండి అని చెబుతుంటాయి, వాటిని లింఫోసైట్లంటారు అంది. వాటికి తనదేదో, పరాయిదేదో గుర్తుపట్టే నేర్పు పోయింది, ఆ మాత్ర వాటి దూకుడు తగ్గిస్తుంది అంది.

"సమజైంది," అంది ఆమె. "తాగినోడు పక్కింటోడనుకొని సొంతిల్లు పీకినట్టు."

డాక్టరమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వులో కొంత మంట ఉంది. తనదేదో పరాయిదేదో తెలియకుండా కొట్టినవాడు ఇంకొకడు ఆ గదిలోనే ఉన్నాడు కదా.

కొత్త రిపోర్టు రాశాను. దాని కింద ఇంకో వాక్యం కూడా రాశాను: ముందటి రిపోర్టు తప్పు, ఆ తప్పు నాది, ఆసిడ్ కలిపినందువల్ల కణాలు తెట్టెలో చిక్కాయి. అలా రాయనక్కర్లేదని డాక్టరమ్మ అంది. నేను రాసే పంపాను. గురువుగారు ఆ కాగితాన్ని చాలా ఏళ్లు తన విద్యార్థులకు చూపించారని తర్వాత తెలిసింది. నా కరపత్రాల కన్నా ఎక్కువ మంది చదివింది బహుశా అదే.

మందు మొదలైంది. ముందు పొడిలో ఉన్నదే చిన్న మోతాదుగా ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గించారు. వారానికొక మాత్ర. అది రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది గనుక ఆమె దాన్ని సంతరోజుకు ముడిపెట్టుకుంది. ఆ మాత్ర తెల్లకణాలను మరీ తగ్గించకుండా చూడాలి, అందుకని నెలనెలా రక్తపరీక్ష. అంటే నెలకోసారి ఆమె రావడం, ఆమె సైన్యాన్ని నేను లెక్కపెట్టడం. మొదటి రెండు నెలలు మార్పు లేదు. అత్తగారు మళ్లీ మేక మాట ఎత్తింది. మూడో నెలలో ఆమె టికెట్టును రెండు వేళ్లతో పట్టుకొచ్చింది. ఆయమ్మ నాకు చెప్పకముందే ఈసారి నేనే చూశాను.

ఇక మిగిలింది కోదాడ. ఆమె దగ్గర ఒక పొట్లం మిగిలి ఉంటే డాక్టరమ్మ హైదరాబాదు పంపింది. అనుకున్నట్టే స్టెరాయిడ్. ఆ కాగితం పట్టుకొని అదే సంతలో, అదే చోట, మళ్లీ మైకు పెట్టించాను. మా సంఘంలో కొందరు వద్దన్నారు. తప్పు ఒప్పుకుంటే అవతలివాళ్లు నవ్వుతారన్నారు. నవ్వనీ! తప్పు ఒప్పుకోలేని వాదానికి హేతువాదం అనే పేరు ఎందుకు? ఆ పేరు పొడి మనిషికే ఇచ్చేద్దాం. నేను జనానికి చెప్పాను. ఆ పొడి అమ్మవారిది కాదు, ఫ్యాక్టరీది. మోసం నిజం, ఉపశమనమూ నిజం. అది తెలుసుకోకుండా తరిమేయడం నా తప్పు. ఆ పొడి వేసుకొని మానేసినవాళ్లు ఉంటే రేపే సూర్యాపేట రండి. వెనక నుంచి ఒక ముసలాయన అరిచాడు.

"మరి మొన్న ఎందుకు గెలిచావయ్యా?"

"పెద్దాయనా, మొన్న నేను గెలిచిన. ఇయ్యాల మీరు గెలవాలె. రండి."

సంత మళ్లీ నవ్వింది. ఈసారి నా మీద నవ్వింది. ఆ నవ్వు నాకు భుజాల ఊరేగింపు కన్నా ఎక్కువ బలాన్నిచ్చింది. మర్నాడు మా వరండా నిండింది. వాళ్లలో నీళ్ల నొప్పుల వాళ్లూ ఉన్నారు, వేరే జబ్బుల వాళ్లూ ఉన్నారు. ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అడిగాను, ఏ ఊరు, ఏ నీళ్లు, ఎప్పటి నుంచి, పొద్దున లేవగానే ఎలా ఉంటుంది అని. కరపత్రం రెండో ముద్రణలో నినాదం అలాగే ఉంచి, దాని కింద ఈ నాలుగు ప్రశ్నలూ వేయించాను.

తొంభైల మొదట్లో ఒక పొద్దున, ఇంకా ల్యాబు తాళం తీయకముందే, ఆమె వచ్చి మెట్ల మీద కూర్చొని ఉంది. ఏమైందోనని కంగారుపడ్డాను. ఇంత పొద్దున ఎట్ల వచ్చినవ్ అని అడిగితే మొదటి బస్సు అంది. ఒళ్లో గుడ్డసంచి. అందులోంచి కొత్త తెల్లగాజులు తీసింది, ఒక చేతికి సరిపడా. ఎడమచేయి చాపి, బొటనవేలు అరచేతిలోకి ముడిచి, కణుపుల మీదుగా ఒక్కొక్క గాజూ ఎక్కించడం మొదలుపెట్టింది. ఏ గాజూ కణుపు దగ్గర ఆగలేదు.

నేను తాళంచెవి చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాను. గాజుల మీద నాకు వచ్చిన ఉపన్యాసం మొత్తం ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక్క ముక్క అనలేదు. అన్నీ ఎక్కించి, చేయి పైకెత్తి ఒకసారి ఊపి చూసుకొని ఆమె అంది.

"టైమెంత సారు?"

"ఆరున్నర."

"ఆరున్నరకు ఎక్కినయని రాసుకో. నీ రిపోర్టుల."

రాసుకున్నాను. ఆ నెల ఆమె కాగితంలో తెల్లకణాల లెక్క కింద నా అక్షరాల్లో ఇప్పటికీ ఉంటుంది: ఉదయం ఆరున్నర, గాజులు ఎక్కినవి.